లోయలో ఎవరూ లేరట

దసరా సెలవులకు హైదరాబాదు తీసుకెళ్ళమని మా పిల్లలిద్దరూ నెల ముందునుంచే ప్రాణం తీశారు. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది నాలుగు. రాష్ట్రం రెండైనా, రాజధాని మారినా, మాచర్లలో మా వీధివాళ్ళకు పిల్లల్ని తిప్పి చూపించే ఊరంటే ఇప్పటికీ హైదరాబాదే. నెత్తిమీద చేపలు ఈదే అద్దాల సొరంగం ఉందట, నడివేసవిలోనూ మంచు కురిసే హాలు ఉందట, జూలో తెల్ల పులి ఉందట. ఎదురింటి పిల్లలు చూసొచ్చి ఫోన్లో ఫోటోలు చూపించిన దగ్గరనుంచి మా చిన్నదానికి అన్నం సయించడం లేదు. మా ఆయనకు కరెంటు సామాన్ల కొట్టు ఉంది. పండగ రోజుల్లో కొట్టు మూస్తే ఎట్లా అని గొణిగి గొణిగి, చివరికి కారు మాట్లాడాడు.

నాయనను కూడా తీసుకెళ్దామన్నది నేను.

మా నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి మాచర్లనుంచి హైదరాబాదుకు బస్సు నడిపాడు. అన్నేళ్ళూ ఆయన చూసిన హైదరాబాదు బస్టాండూ, డ్రైవర్లు నడుం వాల్చే గదీ, ఎదురుగా ఒక టీ కొట్టూ. అంతే. చార్మినార్ ఎట్లా ఉంటుంది తాతయ్యా అని పిల్లలు అడిగితే, “బొమ్మలో ఉన్నట్టే ఉంటది” అనేవాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి. చెవులు కాస్త మందగించాయి తప్ప నడక బాగానే ఉంది. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాడనిపించింది.

సాగర్ మీదుగా వెళ్ళాం. డ్యాం దాటేటప్పుడు పిల్లలు కిటికీలకు అతుక్కుపోయి గేట్లు లెక్కపెట్టారు. నాయన ముందు సీట్లో కూర్చుని రోడ్డే చూశాడు. బస్సు నడిపిన రోజుల్లోనూ అంతేనట. ఆ నీళ్ళ అడుగున ఆయన పుట్టిన ఊరుంది. నాగార్జునకొండ లోయలో, కృష్ణ ఒడ్డున. ఆయనకు పదేళ్ళు కూడా నిండకముందే లోయ ఖాళీ చేయించారు. ఆ సంగతి మాకు తెలుసుగాని, ఇంట్లో దాని గురించి ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు. అడిగితే, “పోయిందిగదా, ఇంక దాని గురించేంది” అనేవాడు.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. జూలో నీటిగుర్రం నోరు తెరిస్తే నాయన పకపకా నవ్వాడు. అద్దాల సొరంగంలో పెద్ద చేప తలమీదుగా పోతుంటే చిన్నది ఆయన పంచె పట్టుకుని వేలాడింది. చార్మినార్ దగ్గర గాజులు కొన్నాం. నేను కోపంగా రాస్తున్నాను కాబట్టి ఆ నగరంమీద కోపమని అనుకోవద్దు. ఆ రెండు రోజులంత సంతోషంగా మా నాయనను నేనెప్పుడూ చూడలేదు.

మూడో రోజు మ్యూజియానికి వెళ్ళాం. దాని పేరు చెప్పను. చెప్తే వాళ్ళకు ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది. చిన్నదానికి మంచు హాలుకు పోవాలని ఉంది. పెద్దది మాత్రం మ్యూజియం అంది. నేను సోషల్ టీచర్ని కదా, ఇంట్లో ఒకరికైనా ఆ గాలి సోకిందని మురిసిపోయి, ముందు మ్యూజియం, తర్వాతే మంచు అన్నాను.

ఒక పెద్ద హాలు నిండా మా ప్రాంతపు శిల్పాలున్నాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లరాయి. ఒక పలక మీద ఒక స్త్రీ తల కాస్త వంచి నవ్వుతోంది. ముక్కు విరిగినా నవ్వు అట్లాగే ఉంది. కింద ‘పల్నాటి సున్నపురాయి’ అని రాసి ఉంటే పెద్దది గట్టిగా చదివింది.

“మన రాయే గదమ్మా ఇది” అన్నాడు నాయన.

ఆ పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తనంతట తానే చెప్పడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడూ వినని మాటలవి. తాతకు, అంటే నాయన తండ్రికి, లోయలో సెంటు భూమి లేదు. రైతుల పొలాల్లో కూలికి పోయేవాడు. డ్యాం కట్టబోతున్నారు, నీళ్ళు వచ్చేలోగా పాత కట్టడాలన్నీ తవ్వి తీయాలి అన్నప్పుడు ఊరికి విడిగా ఉండే మా పల్లెలో మగవాళ్ళంతా ఆ తవ్వకాలకే పోయారు. నాయన చిన్నపిల్లవాడు. మధ్యాహ్నం తాతకు సద్ది పట్టుకెళ్ళేవాడు.

“ఒకనాడు నేను పోయేసరికి అందరూ గుంపుగా నిలబడి ఉన్నారు. మట్టిలో బోర్లా పడున్న రాయిని తిరగేశారంట. ఇదిగో, ఇట్టాంటి ఆడమనిషి మొహం. మొహమంతా మట్టి. మా నాయన తలగుడ్డ తీసి తుడిచాడు. అప్పుడు పెదాలు కనపడ్డయ్.”

“ఈమేనా తాతయ్యా?” అంది చిన్నది.

“ఏమోనే. చానామంది ఉన్నారు అట్టాంటోళ్ళు. గుర్తుపట్టలేను.”

బడిలో ఈ శిల్పాల గురించి ఎన్నిసార్లు పాఠం చెప్పాను! మా తాత తలగుడ్డతో తుడిచిన మొహాల గురించి చెబుతున్నానని నాకే తెలియదు.

ఆ హాలు పక్కనే ఇంకో గది. మధ్యలో పెద్ద బల్ల, బల్లమీద అద్దపు పెట్టెలో నాగార్జునకొండ లోయ నమూనా. నీళ్ళు రాకముందు లోయ ఎట్లా ఉండేదో ప్లాస్టర్‌తో చేసిపెట్టారు. మూడువైపులా కొండలు, నాలుగోవైపు నీలంరంగు పూసిన కృష్ణ. బల్ల అంచున బటన్లు. ఒకటి నొక్కితే స్తూపం దగ్గర ఎర్ర బల్బు వెలుగుతుంది, ఇంకోటి నొక్కితే ఆరామం దగ్గర, మరోటి నొక్కితే స్నానాల రేవు దగ్గర. పిల్లలు ఎగబడి నొక్కారు. కొండలు, ఏరు, దేవుళ్ళ గుళ్ళు, భిక్షువుల గదులు, అన్నీ ఉన్నాయి. మిగిలిన చోటంతా ఆకుపచ్చ రంగు పూసిన స్పాంజి ముక్కలు. అడవన్నమాట.

అప్పుడే ఏదో ప్రైవేటు స్కూలు పిల్లలు వరసగా వచ్చారు. వాళ్ళతో ఒక గైడు. ఇరవై మూడో నాలుగో ఉంటాయి, చేతిలో మైకు. చక్కగా, గలగలా చెప్పుకుంటూ పోతున్నాడు. రాజులు, భిక్షువులు, దూరదేశాలనుంచి వచ్చిన విద్యార్థులు. ఆ తర్వాత అన్నాడు:

“కాలక్రమంలో ఇదంతా శిథిలమైపోయింది. ఆనకట్ట కట్టే నాటికి ఈ లోయ నిర్మానుష్యమైన అడవి. ఎవరూ ఉండేవాళ్ళు కాదు. నీళ్ళలో మునిగిపోకుండా ఈ అమూల్యమైన శిల్పసంపదను కాపాడి కొండమీదికి తరలించారు.”

నాయన నావైపు వంగాడు. “ఏంది, ఏమంటన్నాడు?”

ఆయనకు సరిగ్గా వినపడలేదు. నేనే చెప్పాలి. నా కన్నతండ్రికి, ఆయన పుట్టిన లోయ బొమ్మ ముందు నిలబడి, నా నోటితో నేను చెప్పాలి. ఏదో ఒకటి చెప్పి తప్పించవచ్చు. కాని నాకు అబద్ధం తోచలేదు.

“అక్కడ ఎవరూ లేరంటున్నాడు నాయనా. డ్యాం కట్టేటప్పటికి అంతా అడవేనంట.”

ఆయన అద్దంమీదికి వంగి చూశాడు. కొండలు చూశాడు, ఏరు చూశాడు. వేలితో గాలిలోనే ఏదో దారి గీసుకున్నాడు. బహుశా తన ఊరు ఎక్కడుండాలో వెతుక్కుంటున్నాడేమో. ఎటుచూసినా స్పాంజి ముక్కలు. వేలు అద్దానికి తగిలింది. వెనకనుంచి గార్డు అరిచాడు: “పెద్దాయనా, అద్దం ముట్టుకోవద్దు!”

నాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం చూసిన తర్వాత నన్ను నేను ఆపుకోలేకపోయాను.

“బాబూ, ఎవరూ లేరని నీకెవరు చెప్పారు?” అన్నాను గైడుతో. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పిల్లలందరూ తిరిగి చూశారు.

“మేడమ్, మాకిచ్చిన స్క్రిప్టులో అట్లాగే ఉంది.”

“ఈయన అక్కడ పుట్టాడు. ఆ లోయలోనే. ఇదిగో, మనిషి నీ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఊళ్ళున్నాయి, తండాలున్నాయి, పల్లెలున్నాయి, పొలాలున్నాయి. జనాన్ని లేపి లారీలెక్కించారు. ఎవరూ లేరట! మరి ఈయన ఎవరు?”

ఆ స్కూలు పిల్లల టీచరమ్మ గబగబా వాళ్ళను తోలుకుని పక్క హాలుకు పోయింది. నాలాంటి టీచరే. ఒక్కమాట అడగలేదు, ఆగలేదు. ఏదో గలాటా, మనకెందుకనుకుంది. ఆమెమీద కూడా నాకు కోపమే.

గైడు మైకు దించాడు. “నాకు తెలియదు మేడమ్. సారీ తాతా” అన్నాడు.

నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. “గొడవెందుకమ్మా. పోదాం పా.”

పోదాం పా! లోయ ఖాళీ చేయమన్నప్పుడు మా తాత అన్న మాట అదేనట. నానమ్మ చెప్పేది. ఆమె ఇంటి ద్వారబంధం ఊడబెరికించి, అది లేకుండా లారీ ఎక్కనంటే, “పోదాం పా, అందరూ ఎక్కుతున్నారు” అన్నాడట తాత. భూములున్నవాళ్ళకు ఏవో కొన్ని దక్కాయి. మాకు భూమి లేదు కాబట్టి మేం పోగొట్టుకున్నదేమీ లేదని తేల్చారు. మాచర్ల పక్కన ముళ్ళకంపల మధ్య దింపితే, నాపరాళ్ళ గనుల్లో రాళ్ళు కొట్టి బతికాడు తాత. చనిపోయేదాకా దగ్గేవాడని నానమ్మ చెప్పేది. అమూల్యమైన శిల్పసంపదను గుడ్డల్లో చుట్టి, గడ్డి పరిచి, ఒక్క పెచ్చు ఊడకుండా కొండెక్కించారు. కొండమీద దానికో భవనం కట్టారు. అవి మోసినవాళ్ళను ముళ్ళకంపల్లో దింపారు. అరవై ఏళ్ళ తర్వాత, అసలు వాళ్ళు లేనే లేరంటున్నారు.

“నేను రాను” అన్నాను. “పై ఆఫీసరు ఎవరో చూసే వస్తాను.”

మా ఆయన చిన్నదాన్ని ఎత్తుకుని బయట మెట్లమీద కూర్చున్నాడు. ఆయన మొహంలో విసుగు కనపడుతూనే ఉంది. నాయన, పెద్దది నాతో వచ్చారు.

ఆఫీసరు మేడమీద. చాలాసేపు బయట కూర్చోబెట్టి, తర్వాత పిలిచారు. మర్యాదస్తుడే. కుర్చీలు చూపించాడు, టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా విన్నాడు. మధ్యలో తల ఊపాడు కూడా.

“మీ సెంటిమెంటు నాకర్థమైందమ్మా. కాని ఇది ఆర్కియలాజికల్ మోడల్. ప్రాచీన కట్టడాలు చూపించడమే దీని ఉద్దేశం. మోడరన్ హాబిటేషన్ మా పరిధిలోకి రాదు.”

“పదిహేడు వందల ఏళ్ళ కిందట ఎవరో స్నానం చేసిన రేవుకు బల్బు పెట్టారు. మా నానమ్మ నీళ్ళు తోడిన బావి మీ పరిధిలోకి రాదా?”

“అది హిస్టరీ అమ్మా.”

“మరి మాది?”

ఆయన నవ్వాడు. చిన్నపిల్లలు తెలివితక్కువ ప్రశ్న వేస్తే నవ్వే నవ్వు. నేనూ క్లాసులో అట్లా నవ్వి ఉంటానేమో తెలియదుగాని, ఆ క్షణాన ఆ టీ కప్పు ఆయన టేబుల్ మీద బోర్లించాలనిపించింది.

“సరే, పరిధి అంటారు. చూపించకపోతే చూపించకండి. కాని ఎవరూ లేరని ఎందుకు చెప్తున్నారు? చెప్పకుండా ఊరుకోవడం వేరు, లేరనడం వేరు.”

స్క్రిప్టు ఎప్పుడో రాసింది, చూస్తామన్నాడు. తర్వాత, మమ్మల్ని సంతోషపెట్టాలనుకున్నాడేమో, “లోకల్ లేబర్ గురించి కూడా మేం చూపించాం, కారిడార్లో ఫోటో ఉంది, రండి” అని లేచి తనే తీసుకెళ్ళాడు.

కారిడార్ చివర, మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన ఉందా ఫోటో. తవ్వకాల ఫోటో. ముందు టోపీ పెట్టుకున్న అధికారి నిటారుగా నిలబడి ఉన్నాడు. కింద ఆయన పేరు, హోదా రాసి ఉన్నాయి. వెనక గొయ్యిలో పాతికమందో ముప్ఫైమందో కూలీలు. వాళ్ళ పేర్లు లేవు.

నాయన కళ్ళజోడు సవరించుకుని ఫోటోకు మొహం దగ్గరగా పెట్టాడు. “అయ్యా, ఇందులో మా నాయన ఉంటాడేమో” అన్నాడు ఆఫీసరుతో, ఏదో సాయం అడుగుతున్నట్టు. ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయాడు. పెద్దది తాతయ్య చెయ్యి పట్టుకుని తనూ చూసింది. కాసేపటికి ఆయన వెనక్కి జరిగాడు.

“తెలవటం లేదమ్మా. అందరూ వంగే ఉన్నారు.”

నిజమే. ఒక్కరి మొహమూ కనపడటం లేదు. వీపులు, తలగుడ్డలు, గంపలు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. నేను నాయన చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిచాను. మాట్లాడితే ఏడుస్తానని తెలుసు. ఆయన ముందు ఏడవడం నాకిష్టం లేదు.

బయటికి వచ్చేసరికి మంచు హాలుకు వేళ మించిపోయింది. చిన్నది దారి పొడుగునా ఏడ్చింది. “సెలవులకని వచ్చి కొట్లాట పెట్టుకున్నావు. పిల్లదాన్ని ఏడిపించావు. ఏం సాధించావు?” అన్నాడు మా ఆయన. ఆయనతోనూ పోట్లాడాను. నాయన వెనక సీట్లో చిన్నదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టాడు.

ఇంటికొచ్చాక ఆ మ్యూజియానికి ఉత్తరం రాశాను. కొన్ని వారాలకు జవాబొచ్చింది. మీ సూచనను గమనించామని ఒక్క వాక్యం, కింద సంతకం. గమనించారట! దాన్ని చింపి పొయ్యిలో వేశాను.

వాళ్ళు పెట్టకపోతే మనమే చేసుకుందామన్నది మా పెద్దది. దాని మాటకు మొదట నవ్వాను. తర్వాత నవ్వలేదు. ప్లైవుడ్ ముక్కలు రెండు కలిపి మేకులు కొట్టించి మా వసారాలో వేశాను. చెరువుమట్టి బస్తా తెప్పించాను. లోయనుంచి వచ్చిన పాత మనుషులు మాచర్లలోనూ చుట్టుపక్కలా ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఆదివారం ప్రార్థన అయిపోయాక మా ఇంటికి రమ్మని నాయనతో చెప్పి పిలిపించాను. నాయనకు వరసకు అక్క అయిన మా పెద్దత్త వచ్చింది. ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. మాతో పెద్దగా రాకపోకలు లేని ఒక పెద్దాయన కూడా వచ్చాడు. లోయలో వాళ్ళ నాన్న పెద్ద రైతు. మా తాత వాళ్ళ పొలంలోనే కూలి చేశాడు. ఊరంతా ఆయన్ను పెద్దయ్యా అంటుంది. ఆయన మాత్రం ఇప్పటికీ మా నాయనను ఒరేయ్ అనే పిలుస్తాడు.

మొదటి రెండు ఆదివారాలూ సందడే సందడి. కొండ ఎటువైపు, ఏటి మలుపు ఎక్కడ అని ఒకరినొకరు అరుచుకున్నారు.

“బావి ఆడ కాదు, ఇటువైపు ఉండాల” అంటుంది అత్త.

“నీ మొహం. ఏటికి అంత దగ్గర బావెందుకు తవ్వుతారే?” అంటాడు నాయన.

“నీకు బుద్ధి తెలిసేనాటికి లారీ ఎక్కించారు. నీకేం తెలుసురా? నేను నీళ్ళు మోసినదాన్ని.”

పెద్దయ్యకు తమ ఇంటి అరుగులు, పశువుల కొట్టం, గడ్డివాము అన్నీ గుర్తున్నాయి. మట్టితో ఆయన చేసిన ఇల్లు ఎంత ముచ్చటగా ఉందంటే, మా చిన్నది అందులో బొమ్మ పెట్టి ఆడుకుంటానంది. ఒక్కోసారి ఆయన చేతులు ఆగిపోయేవి. కళ్ళు తుడుచుకునేవాడు. ఆయనా పోగొట్టుకున్నవాడే. నాకు జాలేసింది.

మూడో ఆదివారం ఊరు పూర్తయింది. రైతుల ఇళ్ళు, గుడి, రచ్చబండ, కల్లాలు. పెద్దయ్య చేతులు కడుక్కుని, “బాగా కుదిరిందమ్మాయ్. ఇంక రంగు వేయించు” అన్నాడు.

ఊరికి దక్షిణంగా, విడిగా, ఖాళీ ఉండిపోయింది. మా పల్లె ఉండాల్సిన చోటది.

“పెద్దయ్యా, మా పల్లె పెట్టలేదు” అన్నాను.

“ఆడ ఏముందిలే అమ్మాయ్. నాలుగు గుడిసెలు. బొమ్మలో కనపడవు కూడా. చెట్లు పెట్టిచ్చు, సరిపోద్ది.”

చెట్లు! హైదరాబాదులో చదువుకున్న ఆఫీసరు స్పాంజి ముక్కలు పెడితే, ఇక్కడ మా వసారాలో, మా మట్టితో, మా పక్కనే కూర్చుని ఈయన చెట్లు పెట్టమంటున్నాడు. నోరు తెరిచాను. కాని నేను మాట్లాడేలోగా నాయన లేచాడు.

ఇప్పుడు గొడవెందుకు, పోనివ్వమ్మా అంటాడని నేను అనుకున్నాను. అనలేదు. బస్తాలోంచి పిడికెడు తడిమట్టి తీసుకుని, ఆ ఖాళీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

“ఉన్నయ్ పెద్దయ్యా. నాలుగు కాదు, చానా ఉన్నయ్” అన్నాడు. ఒక మట్టి ముద్ద పెట్టి, “ఇది మాది” అన్నాడు. పక్కన ఇంకోటి పెట్టి ఒక ఇంటిపేరు చెప్పాడు. ఇంకోటి పెట్టి ఇంకో ఇంటిపేరు.

“అది ఆడ కాదు, కొంచెం ఇవతలికి జరుపు” అని అత్త కూడా మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగింది.

“ఒరేయ్, ఇప్పుడివన్నీ ఎందుకురా?” అన్నాడు పెద్దయ్య. “నా ఊరు సగం నాకే గుర్తు రావటం లేదని నేను ఏడుస్తుంటే, నువ్వు గుడిసెలు లెక్క తీస్తావేంది?”

నాయన తలెత్తాడు. “మీ పొలం కోసినోళ్ళు ఏడనుంచి వచ్చారు పెద్దయ్యా? తవ్వకాలకు పోయినోళ్ళు ఏడనుంచి వచ్చారు? ఆకాశంనుంచి ఊడిపడ్డారా? నన్ను ఒరేయ్ అనమాకండి. నేనూ ముసలోణ్ణే.”

ఆయన గొంతు పెంచలేదు. కాని నేనెన్నడూ వినని గొంతది. పెద్దయ్య కండువా దులుపుకుని, చెప్పులేసుకుని, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. బజారులో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. నాయనకు దాని గురించి దిగులేమీ ఉన్నట్టు లేదు. నాకు మాత్రం ఆయన చేసిన ఆ ముచ్చటైన ఇంటిని చూసినప్పుడల్లా కోపమూ, బాధా రెండూ వస్తాయి.

పల్లె పూర్తి చేయడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. ప్రార్థన జరిగే పాక పెట్టారు. నానమ్మ పట్టుబట్టిన ద్వారబంధాన్ని పెద్దది అగ్గిపుల్లలతో చేసి మా ఇంటికి అతికించింది. ఇప్పుడా నమూనా మా బడిలో, నా క్లాసు గదిలో ఉంది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి చూసి, సైన్సు ఫెయిరుకు పంపండి, ప్రైజు రావచ్చు అన్నాడు. ప్రైజట!

ఆ గైడు ఒకరోజు ఫోన్ చేశాడు. ఆరోజు మ్యూజియంలో నా నంబరు అడిగి తీసుకున్నాడు. “మేడమ్, నేనిప్పుడు చెప్తున్నాను. ఇక్కడ ఊళ్ళుండేవి, జనాన్ని ఖాళీ చేయించారు అని. స్క్రిప్టులో లేదు. సార్ రౌండ్స్‌లో లేనప్పుడు చెప్తున్నాను” అన్నాడు. మంచి పిల్లవాడు. అతనిమీద నాకేమీ కోపం లేదని చెప్పాను. కాని సార్ అటు తిరిగినప్పుడు మాత్రమే ఉండాలా మా ఊరు?

నమూనా ఫోటోలు జతచేసి ఇంకో ఉత్తరం పంపాను. దానికి జవాబు రాలేదు. మూడోది కూడా పంపాను. ఇక ఎదురుచూడదల్చుకోలేదు. వేసవి సెలవుల్లో మళ్ళీ వెళ్తున్నాం. పిల్లల్ని మా ఆయన మంచు హాలుకు తీసుకెళ్తాడు. నాయనను, అత్తను వెంటబెట్టుకుని నేను మ్యూజియానికి పోతాను. అత్తకు మోకాళ్ళ నొప్పులు, మేడ మెట్లెక్కలేదు. ఆ ఆఫీసరునే కిందికి దిగి రమ్మంటాను.